ఇంటి లారీని మళ్ళీ నిలబెట్టడం: శ్రీకాళహస్తి ప్రాంతపు పాత సరకు వాహనాల పునరుద్ధరణపై ఒక సమీక్ష

శ్రీకాళహస్తి పట్టణంలోనూ చుట్టుపక్కల పల్లెల్లోనూ ఒక తరం కిందట ఇంటికి అన్నం పెట్టిన లారీ, దాన్ని తోలిన పెద్దాయన పోయిన తర్వాతో, ఇంజను బోరుకు వచ్చిన తర్వాతో, చింతచెట్టు కిందనో షెడ్డు వెనకనో నిలిచిపోయి ఉండటం అరుదైన దృశ్యం కాదు. అటువంటి వాహనాన్ని ఏం చేయాలన్న ప్రశ్నకు మూడు వైపుల నుంచి మూడు జవాబులు వస్తున్నాయి, అవి ఒకదానితో ఒకటి పొసగవు. పాతబడిన వాహనాన్ని తుక్కుకు ఇచ్చి కొత్తది కొనుక్కోవడమే దేశానికీ యజమానికీ మేలని ప్రభుత్వ విధానం చెబుతుంది. ఇంజను విప్పి బాగుచేస్తే ఇంకా కొన్నేళ్లు తోలవచ్చునని మెకానిక్ చెబుతాడు. చారిత్రక వాహనాల సంరక్షణను ఒక శాస్త్రంగా అభ్యసించినవారు మాత్రం వీలైనంత తక్కువ ముట్టుకొమ్మనీ, ఉన్నదాన్ని ఉన్నట్టు కాపాడమనీ కోరతారు.

ఈ మూడు జవాబులనూ చేతిలో డబ్బు తక్కువగా ఉన్న కుటుంబం నిలబడిన చోటు నుంచి చూస్తే వాటి బలాబలాలు వేరుగా కనిపిస్తాయి. డబ్బు లేకపోవడమే పునరుద్ధరణకు పెద్ద అడ్డంకి అన్న అభిప్రాయం సగమే నిజం. కొత్త భాగం కొనే శక్తి లేక పాత భాగాన్నే లేత్ షాపులో సరిచేయించుకునే కుటుంబం, ఆ శాస్త్రం పేరు వినకపోయినా, సంరక్షణ శాస్త్రం కోరే పనినే చేస్తున్నది; డబ్బు దండిగా ఉన్నవారి చేతిలో పాత లారీ అసలు లక్షణమంతా పోగొట్టుకుని మెరిసే కొత్త బొమ్మగా మారిన సందర్భాలే ఎక్కువ. అయితే ఈ మాట బ్రేకులకూ స్టీరింగుకూ టైర్లకూ వర్తించదు. అక్కడ చేసిన పొదుపుకు మూల్యం చెల్లించేది లారీ యజమాని ఒక్కడే కాదు, ఎదురుగా వచ్చే మనిషి కూడా. కాబట్టి బిగువైన లెక్కతో చేసే పునరుద్ధరణలో అసలు ప్రశ్న ఎంత ఖర్చు పెట్టాలన్నది కాదు. ఏది ముందు, ఏది తర్వాత, దేన్ని అసలు ముట్టుకోకూడదు అన్నది.

ఏ లారీ చేతిలో ఉన్నదన్నదాన్ని బట్టి ఈ ప్రశ్నకు జవాబు చాలావరకు మారిపోతుంది. శ్రీకాళహస్తి అప్పట్లో ఉన్న చిత్తూరు జిల్లా 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా మద్రాసు రాష్ట్రంలో భాగంగా ఉండేది. పాలన మారినా ఈ ప్రాంతపు లారీ వ్యాపారం మద్రాసు వైపు చూడటం మానలేదు, ఎందుకంటే వాహనం తయారయ్యేదీ, విడిభాగాలు దొరికేదీ, తిరుగు ప్రయాణంలో లోడు ఎత్తేదీ ఆ వైపే. మద్రాసులో 1948లో మొదలైన అశోక్ మోటార్స్ తొలుత ఆస్టిన్ కార్లను బిగించి, తర్వాత ఇంగ్లండులోని లేలండ్ సంస్థ భాగస్వామ్యంతో 1955లో అశోక్ లేలండ్‌గా పేరు మార్చుకున్నది. ఎన్నూరు కార్ఖానా నుంచి వచ్చిన కామెట్ లారీ దక్షిణాది రోడ్ల మీద ఒక తరాన్ని పోషించింది. టాటా వారి టెల్కో సంస్థ 1954లో జర్మనీకి చెందిన డైమ్లర్-బెంజ్‌తో ఒప్పందం చేసుకుని జంషెడ్‌పూర్‌లో లారీలు తయారుచేయసాగింది. 1969లో ఆ ఒప్పందం ముగిశాక ముందరి జాలీ మీద బెంజ్ నక్షత్రం పోయి టాటా గుర్తు వచ్చింది, కాని లోపలి యంత్రపు పోలిక చాలాకాలం నిలిచింది. బొంబాయిలో ప్రీమియర్ సంస్థ డాడ్జి, ఫార్గో లారీలను, కలకత్తా దగ్గరి ఉత్తరపారాలో హిందుస్థాన్ మోటార్స్ బెడ్‌ఫర్డ్ లారీలను తయారుచేశాయి. 1986లో వచ్చిన టాటా 407 చిన్న లారీ పాలక్యాన్లకూ మామిడికాయలకూ కూరగాయలకూ పనికొచ్చి, పెద్ద లారీ కొనలేని రైతు కుటుంబాలకు కూడా అందుబాటులోకి వచ్చింది.

పాత టాటా వాహనాల మీద ఉన్న అంకెలను చదవడం నేర్చుకుంటే విడిభాగాల వేటలో డబ్బు కలిసివస్తుంది. 1210 అన్న పేరులో మొదటి రెండంకెలు సరకుతో కలిపి వాహనపు మొత్తం బరువు సుమారు 12 టన్నులనీ, చివరి రెండంకెలు ఇంజను శక్తి సుమారు 100 అశ్వశక్తులనీ తెలుపుతాయి. ఆ లెక్కనే 407 అంటే 4 టన్నులు, 70 అశ్వశక్తులు. ఇంజను పేర్లలో ఇంకొక లెక్క ఉన్నది. 692 అంటే ఆరు సిలిండర్లు, ఒక్కొక్క సిలిండరు వ్యాసం 92 మిల్లీమీటర్లు; 697 అంటే ఆరు సిలిండర్లు, 97 మిల్లీమీటర్లు; 407లో వాడిన 497 ఇంజను అదే 97 మిల్లీమీటర్ల వ్యాసంతో నాలుగు సిలిండర్లది. గుజిరీ అంగళ్లలో, అంటే పాత వాహనాలను విప్పి భాగాలుగా అమ్మే చోట్ల, పేరు చదివి కొనేవాడికీ బండి బొమ్మ చూసి కొనేవాడికీ మధ్య తేడా ఇక్కడే తేలుతుంది. టాటా, లేలండ్ వాహనాలు లక్షల సంఖ్యలో తిరిగాయి కాబట్టి వాటి భాగాలు నేటికీ దొరుకుతాయి. డాడ్జి, ఫార్గో, బెడ్‌ఫర్డ్ లారీల సంగతి వేరు. వాటిలో పెర్కిన్స్ ఇంజను ఉన్నవాటికి మద్రాసు సింప్సన్ సంస్థ ఆ ఇంజన్లను తయారుచేసినందువల్ల, ట్రాక్టర్ల సింప్సన్ ఇంజన్లతో చేయి తిరిగిన పాత మెకానిక్కులు కొంత ఆసరా అవుతారు, క్యాబిన్ రేకులు మాత్రం దాదాపు దొరకవు. అందువల్ల బెడ్‌ఫర్డ్ ఉన్న కుటుంబం రేకును కాపాడుకోవడానికీ, టాటా ఉన్న కుటుంబం యంత్రాన్ని బాగుచేసుకోవడానికీ ముందుగా డబ్బు కేటాయించడం వివేకం.

వాహనం ఏదైనా, పని మొదలుపెట్టకముందే తేల్చుకోవలసింది దాని భవిష్యత్తు. అది మళ్ళీ కిరాయికి తిరగాలా, సొంత పొలం పనులకు అప్పుడప్పుడు కదలాలా, లేక తండ్రి తాతల గుర్తుగా ఆవరణలో నిలవాలా అన్నది ముందు తేలాలి. ఈ మూడింటికీ చట్టం వేరు, ఖర్చు వేరు. ఇది తేల్చుకోకుండా పని మొదలుపెట్టిన కుటుంబాలు సగంలో ఆగిపోవడానికి ప్రధాన కారణం డబ్బు చాలకపోవడం కాదు. మెకానిక్ షెడ్డులో ఖర్చు చేసినంత సొమ్మును రవాణా కార్యాలయంలో కూడా చెల్లించవలసి వస్తుందని ముందుగా తెలియకపోవడం.

చట్టం వైపు మొదటి చిక్కు యాజమాన్యానిది. చాలా ఇళ్లలో రిజిస్ట్రేషన్ పత్రం ఇంకా చనిపోయిన తండ్రి పేరునే ఉంటుంది. 1988 మోటారు వాహనాల చట్టంలోని 50వ సెక్షను, దాని కింద వచ్చిన 1989 కేంద్ర నియమావళి ప్రకారం, యజమాని మరణించినప్పుడు వాహనం ఎవరి స్వాధీనంలోకి వచ్చిందో ఆ వారసుడు 30 రోజులలోగా రవాణా అధికారికి తెలియజేసి, మూడు నెలలలోగా 31వ నమూనా పత్రంలో బదిలీకి దరఖాస్తు చేసుకోవాలి. ఈ గడువు దాటి ఏళ్లు గడిచిన చోట వారసత్వ ధ్రువపత్రం, మిగిలిన వారసుల అంగీకారం సమకూర్చుకోవలసి వస్తుంది, అన్నదమ్ముల మధ్య మాట పట్టింపులు ఉంటే లారీ పని అక్కడే నిలిచిపోతుంది. ఒక్క బోల్టు విప్పకముందే ఈ కాగితం పని పూర్తిచేయడం మంచిది. ఒకరి సొమ్ముతో బాగుపడిన లారీకి నలుగురు యజమానులు తేలడం కుటుంబాలను విడదీసిన సంగతి ఈ వృత్తిలో అందరూ ఎరిగినదే.

రెండో చిక్కు ఫిట్‌నెస్. సరకు వాహనానికి రిజిస్ట్రేషన్ ఒక్కటే చాలదు, అది రోడ్డు మీద నడవడానికి తగి ఉన్నదని చట్టంలోని 56వ సెక్షను కింద ఇచ్చే ధ్రువపత్రం అమలులో ఉంటేనే ఆ రిజిస్ట్రేషన్‌కు విలువ. 2021 అక్టోబరులో ప్రకటించి 2022 ఏప్రిల్ 1 నుంచి అమలు చేసిన సవరణతో 15 ఏళ్లు దాటిన భారీ సరకు వాహనానికి ఈ ధ్రువపత్రపు రుసుము 12,500 రూపాయలయింది. 2025 నవంబరు సవరణ 20 ఏళ్లు దాటిన భారీ వాహనాలకు దాన్ని 25,000 రూపాయలుగా నిర్ణయించింది. గడువు దాటిన ప్రతి రోజుకూ 50 రూపాయల అదనపు రుసుము కూడా నియమాల్లో ఉన్నది, దాని మీద న్యాయస్థానాల్లో వివాదాలు నడిచాయి. వీటికి తోడు మూడు నెలలకొకసారి కట్టే పన్ను బకాయి, గ్రీన్ ట్యాక్స్, బీమా ఉంటాయి. వాహనాన్ని వాడటం లేదని ముందుగానే రాతపూర్వకంగా తెలియజేసిన కుటుంబానికి పన్ను బకాయి పేరుకోదు. నోటిమాటగా ఊరుకున్న కుటుంబానికి బకాయి లారీ విలువను మించిపోయే ప్రమాదం ఉన్నది. కిరాయికి తిరగడమే లక్ష్యమైతే, ఈ మొత్తాలన్నీ కలిపి చూసినప్పుడు పాతికేళ్లు దాటిన పెద్ద లారీని వ్యాపారం కోసం పునరుద్ధరించడం ఆర్థికంగా నిలబడదన్న విధానకర్తల వాదన సరైనదేనని ఒప్పుకోక తప్పదు. గుర్తింపు పొందిన తుక్కు కేంద్రానికి ఇస్తే వచ్చే డిపాజిట్ పత్రం చూపి, కొత్త సరకు వాహనపు పన్నులో 15 శాతం దాకా రాయితీ పొందే వీలు ఉన్నది. వ్యాపారమే బతుకైన కుటుంబం ఈ దారిని సెంటిమెంటు పేరుతో తోసిపుచ్చడం తగదు.

మూడో చిక్కు అన్నిటికన్నా విచారకరమైనది. 2021 జులైలో కేంద్ర ప్రభుత్వం వింటేజ్ వాహనాలకు, అంటే మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, అసలు రూపం చెడకుండా నిలిచిన వాహనాలకు, ప్రత్యేక రిజిస్ట్రేషన్ నియమాలు తెచ్చింది. 20,000 రూపాయల రుసుముతో పదేళ్లు చెల్లే ఆ రిజిస్ట్రేషన్ పొందిన వాహనం ప్రదర్శనకూ, ర్యాలీకీ, మరమ్మతుకూ, ఇంధనానికీ రోడ్డెక్కవచ్చు. కాని ఆ నియమాలు వర్తించేది ద్విచక్ర వాహనాలకు చెందిన ఎల్1, ఎల్2 తరగతులకూ, కార్లకు చెందిన ఎం1 తరగతికీ మాత్రమే; సరకు వాహనాలకు చెందిన ఎన్ తరగతి వాటిలో లేదు. జమీందారు కారు వారసత్వ సంపద అయింది, అదే కాలంలో స్వర్ణముఖి ఇసుకనూ, బెల్లం దిమ్మెలనూ, వేరుశనగ మూటలనూ మోసిన లారీ కాలేదు. పరదేశాల్లో పరిస్థితి ఇట్లా లేదు. చారిత్రక వాహనాల అంతర్జాతీయ సమాఖ్య 30 ఏళ్లు దాటి సరైన స్థితిలో ఉన్న ఏ యాంత్రిక వాహనాన్నైనా చారిత్రకంగానే పరిగణిస్తుంది. బ్రిటన్‌లో 1958లోనే చారిత్రక వాణిజ్య వాహనాల సంఘం ఏర్పడింది. కామెట్ లారీకి పుట్టినిల్లయిన లేలండ్ పట్టణంలో 1983 నుంచి వాణిజ్య వాహనాలకే ఒక ప్రదర్శనశాల ఉన్నది. మన దేశంలో హర్యానాలోని తావడూ దగ్గర 2013లో తెరిచిన హెరిటేజ్ ట్రాన్స్‌పోర్ట్ మ్యూజియం వంటి కొద్ది చోట్ల తప్ప లారీకి అటువంటి గౌరవం దక్కలేదు.

పునరుద్ధరణ అంటే ఎంతవరకు అన్న సిద్ధాంత చర్చకు శ్రీకాళహస్తి వాసులు కొత్తవారు కారు. శ్రీకృష్ణదేవరాయలు 1516లో కట్టించిన రాజగోపురం 2010 మే 26 రాత్రి కూలిపోగా, దాని స్థానంలో కొత్త గోపురం కట్టి 2017లో కుంభాభిషేకం జరిపారు. అది పాత గోపురమేనా, పాతదాని రూపంలో ఉన్న కొత్త గోపురమా అన్న ప్రశ్నకు భక్తుడూ పురాతత్త్వవేత్తా వేర్వేరు జవాబులు చెబుతారు, ఇద్దరి జవాబుల్లోనూ న్యాయం ఉన్నది. కట్టడాల సంరక్షణకు 1964లో వెలువడిన వెనిస్ ప్రకటన ఈ ప్రశ్నకే నియమాలు ఏర్పరచింది, ఆ స్ఫూర్తితోనే చారిత్రక వాహనాల సమాఖ్య ట్యూరిన్ ప్రకటన పేరుతో వాహనాలకు నియమాలు రూపొందించుకున్నది. అందులో పరిరక్షణ అంటే ఉన్నది మరింత చెడకుండా చూడటం. మరమ్మతు అంటే చెడిన భాగాన్ని తిరిగి పనిచేసేటట్టు చేయడం. పునరుద్ధరణ అంటే లోపించిన భాగాలను చేర్చి ఒకప్పటి రూపానికి తేవడం. ఈ వరసలో ముందున్నది సాధ్యమైనప్పుడు వెనకదాని జోలికి పోరాదన్నది దాని సారం, ఖర్చు కూడా సరిగ్గా అదే వరసలో పెరుగుతుంది. లోటు బడ్జెట్ ఉన్న కుటుంబానికి ఇంతకన్నా అనుకూలమైన సిద్ధాంతం మరొకటి లేదు. లారీ తలుపు మీద తాత పేరు చేత్తో రాయించి ఉంటే, ఆ రంగు సగం రాలిపోయినా దాన్ని గీకేసి కొత్త స్టిక్కరు అంటించడం కన్నా ఉన్నదానిపై పల్చగా వార్నిష్ పూయడం చవక, అదే సరైన పని కూడా.

ఇక పని విషయానికి వస్తే, మొదటి రూపాయి కిందినుంచి మొదలుకావాలి. ఏళ్ల తరబడి కదలని లారీలో మాస్టర్ సిలిండరు, వీల్ సిలిండర్లలోని రబ్బరు వాషర్లు గట్టిపడి ఉంటాయి, బ్రేకు నూనె గాలిలోని తేమను పీల్చుకుని లోపలి గోడలను తుప్పు పట్టించి ఉంటుంది. వీటిని శుభ్రం చేసి మళ్ళీ బిగించడం కాదు, రబ్బరు భాగాలన్నిటినీ, ఇనుప గొట్టాల్లో నీరసించినవాటినీ మార్చవలసిందే. పాత బ్రేకు లైనింగులలో ఆస్‌బెస్టాస్ అనే పీచు ఖనిజం ఉండేది, దాని ధూళి ఊపిరితిత్తులకు ప్రాణాంతకం; కాబట్టి డ్రమ్ములను గాలితో ఊదకుండా తడిగుడ్డతో తుడవడం, ముక్కుకు తగిన కవచం పెట్టుకోవడం తప్పనిసరి. చక్రాల విషయంలో ఇంకొక ప్రమాదం పొంచి ఉంటుంది. పాత లారీల రిమ్ములకు టైరును పట్టి ఉంచే లాకు రింగు విడిగా ఉంటుంది, తుప్పు పట్టిన ఆ రింగు గాలి నింపేటప్పుడు ఊడి ఎగిరి మనుషులను చంపగలదు. అందువల్ల రిమ్మును గీకి పరీక్షించకుండా, ఇనుప బోనులో పెట్టకుండా గాలి కొట్టించకూడదు. టైర్లు అరగకపోయినా పక్కగోడలు పగిలి ఉంటే వెనక చక్రాలకైనా పనికిరావు; రీట్రేడింగ్, అంటే అరిగిన టైరు పైపొరను మళ్ళీ వేయించడం, వెనక చక్రాలకు ఒప్పుకోదగిన పొదుపే గాని ముందు చక్రాలకు కాదు.

స్టీరింగులో కింగ్‌పిన్నులు, వాటి బుష్షులు, కీళ్ల వంటి బాల్ జాయింట్లు చూసిన తర్వాత చాసిస్ వంతు వస్తుంది. లారీకి వెన్నెముకలా నిడివిగా సాగే రెండు ఇనుప దూలాలూ, వాటిని కలిపే అడ్డ దూలాలూ కలిసిన చట్రమే చాసిస్. దీని మీద పగుళ్లు ఎక్కువగా కమాన్ కట్టలు, అంటే ఒకదానిమీదొకటి పేర్చిన ఉక్కు పట్టీల స్ప్రింగులు, తగిలించిన చోట కనిపిస్తాయి. పగులు చివర చిన్న రంధ్రం వేసి అది ఇంకా పాకకుండా ఆపి, పగులు వెంట గాడి తీసి వెల్డింగు చేసి, పైన బలపు పట్టీ బిగించడం సరైన పద్ధతి; దూలపు పైఅంచుకూ కిందిఅంచుకూ మాత్రం రంధ్రాలు వేయడం గాని, అడ్డంగా వెల్డింగు చేయడం గాని చట్రం బలాన్ని తీసివేస్తుంది. చట్రాన్ని పొడిగించడం, ఇరుసు జోడించడం వంటి మార్పులు చట్టంలోని 52వ సెక్షనుకు విరుద్ధం. రిజిస్ట్రేషన్ పత్రంలో నమోదైన మూల నిర్మాణాన్ని మార్చడానికి వీల్లేదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా స్పష్టం చేసింది. కమాన్ పట్టీలు మెత్తబడితే కొలిమి పనివాడు వాటిని కాల్చి వంపు తిరిగి తేగలడు, విరిగిన పట్టీని వెల్డింగుతో అతికించడం మాత్రం పనికిరాదు.

ఇంజను విషయంలో తొందరే అతి పెద్ద ఖర్చు. నిలిచిపోయిన ఇంజనును వెంటనే సెల్ఫ్ కొట్టి తిప్పడానికి ప్రయత్నించినవారు, సిలిండరు గోడకు అతుక్కున్న రింగులను విరగ్గొట్టుకుని, చిన్న పనితో పోయేదాన్ని పెద్ద పనిగా మార్చుకుంటారు. ఇంజెక్టర్లను విప్పి, ఆ రంధ్రాల గుండా పల్చని నూనె పోసి కొన్ని రోజులు నానబెట్టి, చేత్తో మెల్లగా తిప్పి చూడటం దాదాపు ఖర్చులేని పరీక్ష. స్వేచ్ఛగా తిరిగితే తర్వాత ప్రతి సిలిండరులోనూ ఒత్తిడి కొలవాలి. డీజిల్ ఇంజను గాలిని నొక్కి వేడెక్కించడం వల్లనే ఇంధనం మండుతుంది కాబట్టి ఆ ఒత్తిడి పడిపోతే ఇంజను పొగ కక్కుతుందే గాని లాగదు. తేడా ఒకటి రెండు సిలిండర్లకే పరిమితమైతే వాల్వులను అరగదీసి కూర్చోబెట్టే పైపనితో సరిపోవచ్చు. బోరుకు వచ్చినదని తేలితే లైనర్లు, అంటే సిలిండరు లోపల తొడిగే గొట్టాలు, పిస్టన్లు, రింగులు మార్చి, క్రాంక్‌షాఫ్టును 0.25 మిల్లీమీటరు చొప్పున మెట్లుమెట్లుగా అరగదీసి దానికి తగిన బేరింగులు వేయాలి. ఇప్పటికే చివరి మెట్టుదాకా అరగదీసిన షాఫ్టును లోపల చూడకుండా గుజిరీలో కొనడం డబ్బును నీళ్లలో పోయడమే అవుతుంది. ఇంధన పంపును మాత్రం ఇంట్లో విప్పకూడదు. బెంగళూరులో 1951లో మొదలైన మైకో సంస్థ పంపులే పాత లారీల్లో ఎక్కువ. వాటి లోపలి భాగాల మధ్య ఖాళీలు మైక్రాన్లలో ఉంటాయి కాబట్టి పంపు బెంచి ఉన్న షెడ్డులోనే సరిచేయించాలి. మొత్తం ఇంజను మార్చాలనుకునేవారు రవాణా అధికారి అనుమతి ముందుగా తీసుకుని, కొత్త ఇంజను సంఖ్యను పత్రంలో ఎక్కించుకోవాలి.

తుప్పు సంగతిని పునరుద్ధరణ పుస్తకాలు రేకు కోసి కొత్తది అతికించే పనిగానే చెబుతాయి, ఈ ప్రాంతపు విజ్ఞానం అంతకన్నా చవకైన దారి చూపగలదు. 2005లో భౌగోళిక గుర్తింపు పొందిన శ్రీకాళహస్తి కలంకారీలో నల్ల గీతకు వాడే కసిమి, ఇనుప తుక్కును బెల్లం నీటిలో రోజుల తరబడి పులియబెట్టగా వచ్చే ద్రావణం. కరక్కాయ, పాలు కలిపిన నీటిలో తడిపి ఆరబెట్టిన గుడ్డ మీద ఆ ద్రావణంతో గీయగానే, కరక్కాయలోని టానిన్ అనే వగరు పదార్థం ఇనుముతో కలిసి నల్లగా స్థిరపడుతుంది. ప్రదర్శనశాలల్లో ఇనుప వస్తువులను కాపాడేవారు తుప్పు మీద పూసే టానిక్ ఆమ్లం చేసేది కూడా ఇదే చర్య. వదులు తుప్పును గీకేశాక మిగిలిన పల్చని తుప్పు టానిన్‌తో కలిసి నీలి నలుపు రంగు పొరగా మారి, రంగుకు గట్టి పునాది అవుతుంది. కలంకారీ పనివారి వీధికీ లారీ షెడ్డుకూ మధ్య దూరం కొద్దిపాటిదే, ఈ రెండు వృత్తులూ ఒకదాని నుంచి ఒకటి నేర్చుకోకపోవడం వింతగానే ఉన్నది. ఉమ్మడి చిత్తూరు జిల్లా బెల్లానికి పేరుపొందిన నేల కనుక రెండో పద్ధతికీ ఇక్కడ కొరత లేదు. బెల్లపు మడ్డి ఒక వంతు, నీరు తొమ్మిది వంతులు కలిపిన తొట్టిలో బోల్టులనూ, బ్రాకెట్లనూ, తలుపు మడతబందులనూ ఒకటి రెండు వారాలు నాననిస్తే తుప్పు కరిగిపోయి ఇనుము మిగులుతుంది. అల్యూమినియం భాగాలను మాత్రం అందులో వేయకూడదు, అవి తినుకుపోతాయి. చాకలి సోడా నీటిలో బ్యాటరీ ఛార్జరుతో విద్యుత్తు పంపి తుప్పు వదిలించే పద్ధతి వేగవంతమైనదే గాని, రెండో కొసకు స్టెయిన్‌లెస్ ఉక్కు తగిలిస్తే విషపూరితమైన క్రోమియం నీటిలోకి దిగుతుంది. అక్కడ మామూలు ఇనుప ముక్కే వాడాలి. పాత రంగుల్లో సీసం ఉండే అవకాశం ఎక్కువ కనుక పొడి కాగితంతో రుద్దకుండా తడిపి రుద్దడం పిల్లలున్న ఇళ్లలో మరీ ముఖ్యం.

రంగు పనికి కాలం కూడా కలిసిరావాలి. ఈశాన్య రుతుపవనాలు ఈ ప్రాంతాన్ని తడిపే అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలల్లో ఇనుము మీద తేమ పట్టి రంగు పొర కింద కొత్త తుప్పు మొలుస్తుంది. సంక్రాంతి దాటాక మొదలుపెడితే ఎండలు ముదిరేలోగా ప్రైమరు, పుట్టీ, రంగు మూడూ ఆరుతాయి. వైరింగు విషయంలో చెప్పవలసింది కొద్దే: గట్టిపడి పగిలిన తీగలన్నీ ఒకేసారి మార్చాలి, ప్రతి వరసకూ ఫ్యూజు పెట్టాలి, ఎందుకంటే పాత లారీలు తగలబడటానికి తీగలే ప్రధాన కారణం.

బాడీ మాత్రం ప్రత్యేక గౌరవంతో చూడదగినది. ఆ రోజుల్లో చాలా లారీలు ఇంజనూ, చాసిస్సూ, ముందరి ముట్టె మాత్రమే ఉన్న స్థితిలో కొనుగోలుదారు చేతికి వచ్చేవి. క్యాబినూ, చెక్క పలకల తొట్టీ, తల మీది నామఫలకమూ స్థానిక బాడీ బిల్డింగ్ షెడ్లలో వడ్రంగీ, కమ్మరీ, రంగుల పనివాడూ కలిసి కట్టేవారు. ఇంజను జంషెడ్‌పూరుదో ఎన్నూరుదో కావచ్చు, కాని పైకట్టడం ఈ నేల పనితనం, అదే తిరిగి దొరకనిది. అందువల్ల కుళ్లిన చెక్క పలకలు మార్చవలసి వచ్చినా, పాత పలకల కొలతలు, బోల్టుల వరస, రేకుల మీద సుత్తితో తీర్చిన పూలు ముందుగా ఫొటోలు తీసి కొలిచి ఉంచుకోవాలి. ఒక పలకనైనా, అది ఏ చెక్కో, ఏ రంగులు ఏ వరసలో పూశారో తెలిసేటట్టు, అట్లాగే ఉంచడం మంచిది.

విడిభాగాలకు ఈ ప్రాంతానికి మూడు దారులు ఉన్నాయి. తిరుపతి షెడ్లు దగ్గర. నూరు కిలోమీటర్ల పైచిలుకు దూరంలోని చెన్నైలో పుదుపేట పాత సామాన్ల అంగళ్లు పేరుపొందినవైనా అక్కడ కార్ల, ద్విచక్ర వాహనాల భాగాలే ఎక్కువ. లారీలకు విజయవాడ ఆటోనగర్, తమిళనాట లారీల ఊళ్లుగా పేరున్న నామక్కల్, సంగగిరి మేలు. ఒక్కొక్క భాగం కోసం ఒక్కొక్కసారి వెళ్ళడం కన్నా అదే నమూనా తుక్కు లారీని మొత్తంగా కొని విప్పుకోవడం చవక అనే సలహా తరచు వినిపిస్తుంది. స్థలం ఉన్నవారికి ఇది సరైనదే, కాని ఆ రెండో లారీ కాగితాలు సక్రమంగా రద్దు చేయించకపోతే దాని చాసిస్ సంఖ్య మరొక చోట తేలి కొన్నవాడిని కేసులో ఇరికించే అవకాశం ఉన్నది.

పాత డీజిల్ ఇంజను పొగ గురించి పర్యావరణవాదులు లేవనెత్తే అభ్యంతరం బలమైనది, దాన్ని తేలిగ్గా తీసుకోరాదు. రోజూ వందల కిలోమీటర్లు తిరిగే 30 ఏళ్ల లారీ ఊరి గాలికి చేసే హాని నిజం. అయితే ఏడాదిలో కొద్ది రోజులు మాత్రమే కదిలే వాహనం విషయంలో ఆ వాదన పలచబడుతుంది, ఎందుకంటే వాడకం తగ్గేకొద్దీ పొగ తగ్గుతుంది గాని, కొత్త వాహనం తయారీకి పట్టే ఉక్కూ విద్యుత్తూ తగ్గవు. చట్టం చేయవలసిన విభజన వయసును బట్టి కాక వాడకాన్ని బట్టి ఉండాలి. వింటేజ్ నియమాలను ఎన్ తరగతికి విస్తరించి, సరకు ఎత్తకూడదన్న షరతుతో, పండగకో ప్రదర్శనకో మాత్రమే కదిలే పాత లారీకి తక్కువ రుసుముతో రిజిస్ట్రేషన్ ఇవ్వడం అందుకు అవసరమైన మొదటి మార్పు. ఇది జరిగేదాకా అటువంటి లారీ ఉన్న కుటుంబానికి మిగిలే మార్గం దాన్ని వాడటం లేదని రవాణా కార్యాలయానికి రాతపూర్వకంగా తెలిపి, సొంత ఆవరణ దాటకుండా నిలుపుకోవడమే. ఆ వ్యవధిలో రిజిస్ట్రేషన్ పత్రం, పాత పర్మిట్లు, లోడు పుస్తకం, బాడీ కట్టిన షెడ్డు రసీదు, మార్చిన ప్రతి భాగపు వివరం ఒక చోట భద్రపరచాలి. 50 ఏళ్లు నిండిన నాడు వాహనం అసలు రూపం చెడలేదని రుజువు చేయవలసి వచ్చినప్పుడు అధికారి ముందు నిలబడేవి ఆ కాగితాలే.